వెళ్ళిపోయినవాళ్ళకి ఊళ్ళో ఒక రాయి

స్కాట్లండు పల్లెల్లో చర్చి పక్కనుండే సమాధుల మీద ఒక అలవాటు కనిపిస్తుంది. ఆ మట్టిలో ఉన్నవాళ్ళ పేర్లతోపాటు అక్కడ లేనివాళ్ళ పేర్లు కూడా చెక్కుతారు. కెనడా పోయి కన్నుమూసిన కొడుకు, ఇండియాలో జ్వరమొచ్చి పోయిన తమ్ముడు, సముద్రంలో మునిగిపోయిన అల్లుడు. మనిషి ఎక్కడ రాలిపోయినా పేరు మాత్రం కన్నవాళ్ళ పక్కకి చేరుతుంది. పెళ్ళయిన ఆడమనిషికి పుట్టింటి పేరే చెక్కుతారు. అక్కడ సర్కారు జననమరణాలు రాయడం 1855లో మొదలయింది. అంతకుముందు సంగతులు చర్చి పుస్తకాల్లో దొరక్కపోతే ఆ రాయే సాక్ష్యం. అందుకని పాతరాళ్ళ మీది రాతలు ఊరూరా తిరిగి ఎత్తి రాసుకుని పుస్తకాలు అచ్చువేసుకున్నారు. ఆస్ట్రేలియాలో పుట్టిన అయిదోతరం మనవరాలు కూడా వాటిని పట్టుకుని తన ముత్తాత ఊరు చేరుకోగలదు.

ఈ సంగతి తెలిసిన దగ్గర్నుంచీ నా కడుపు రగులుతోంది. మాది బొబ్బిలి.

రాయి విలువ తెలియని ఊరు కాదు మాది. 1757 జనవరి 24న బొబ్బిలి యుద్ధంలో, కోటలో ఒరిగిపోయినవాళ్ళ కోసం స్తంభం నిలబెట్టుకున్నాం. ఆ యుద్ధవీరుడు తాండ్ర పాపారాయుడి పేరు వింటే ఇక్కడ పసివాడికి కూడా ఒళ్ళు పొంగుతుంది. పొంగాలి కూడా. ఆ తరవాతి కాలంలో ఈ చుట్టుపక్కల పల్లెల నుంచి మూట నెత్తిన పెట్టుకుని ఓడలెక్కిన జనం మాటేమిటి? మారిషస్, దక్షిణాఫ్రికాలోని నేటాల్, ఫిజీ, మనవాళ్ళు రంగమనే రంగూను. వాళ్ళకోసం ఊళ్ళో అక్షరం ముక్క లేదు.

మా నాయనమ్మకి ఒక అన్న ఉండేవాడట. "మా అన్న రంగమెల్లిపోనాడు బాబూ, మరి తిరిగి రానేదు" అనేది. అంతే, ఆ మనిషి కథంతా ఆ ఒక్క ముక్క. రంగూనులో బియ్యం మిల్లులో చేరాడో, రేవులో మూటలు మోశాడో, 1941 డిసెంబరులో జపాను బాంబులు పడ్డప్పుడు చనిపోయాడో, ఆ మరుసటేడు అరకాన్ అడవుల్లో నడిచొస్తూ పడిపోయాడో చెప్పేవాళ్ళు లేరు. తిథి తెలియదు కాబట్టి మహాలయ అమావాస్యనాడు ఆయన పేరు చెప్పి నువ్వులూ నీళ్ళూ వదిలేవారు. నాయనమ్మ పోయాక అదీ ఆగింది. ఇప్పుడు ఆ పేరు తెలిసినవాణ్ణి ఇంట్లో నేనొక్కణ్ణే.

రంగం వెళ్ళినవాళ్ళ కంటే ముందు వెళ్ళినవాళ్ళ సంగతి మరీ అన్యాయం. కోరంగి రేవు నుంచి ఓడలెక్కారని తెలుగువాళ్ళందరికీ బర్మాలోనూ మారిషస్‌లోనూ 'కోరంగి'లనే పేరు పడింది. బొబ్బిలివాడూ కోరంగే, సాలూరువాడూ కోరంగే. 1866లో గంజాం వైపు కరువు, 1876 నుంచి 78 దాకా మద్రాసు రాజధానిలో మహాకరువు. తిండి దొరుకుతుందంటే మనిషి సముద్రమైనా దాటుతాడు. 1860 నవంబరు 16న మద్రాసు నుంచి 'ట్రూరో' ఓడ డర్బన్ చేరింది. అప్పటి నుంచి 1911 దాకా నేటాల్‌కి 1,52,000 మందికి పైగా కూలీలని దించారు. వాళ్ళలో ఎక్కువమంది ఎక్కింది మద్రాసు రేవులోనే.

ఆ ఓడల జాబితాల్లో ఒక్కొక్కరికి ఒక్కొక్క వరస. నంబరు, పేరు, తండ్రి పేరు, వయసు, కులం, జిల్లా, తాలూకా, ఊరు, ఎత్తు, ఒంటి మీద మచ్చ. మన అవ్వాతాతల సమాధి రాయంటే ఆ కాగితం మీది వరసే. అందులో సింహాద్రి 'సీమాద్రి' అయ్యాడు, అప్పలస్వామి 'అప్పల్‌సామి' అయ్యాడు. ఆ మనిషి పేరే తరవాత వంశానికి ఇంటిపేరయింది. అసలు ఇంటిపేరు రాసుకునే గడి ఆ కాగితంలో లేదు. డర్బన్‌లో ఇవాళ ఎవరైనా తన ఇంటిపేరు అప్పల్‌సామి అని చెబితే, ఆ ముత్తాతని సింహాచలం అప్పన్నకి మొక్కుకుని కన్న తల్లి మన ఉత్తరాంధ్రలో ఎక్కడో ఉండేదని మనకి ఇట్టే తెలుస్తుంది. వాళ్ళకెవరు చెప్పాలి?

పైగా మన జిల్లాల పేర్లు మారిపోయాయి. బొబ్బిలి అప్పట్లో విశాఖపట్నం జిల్లా. 1950లో శ్రీకాకుళం జిల్లాలోకి, 1979లో విజయనగరం జిల్లాలోకి మారింది. శ్రీకాకుళం ఆనాడు గంజాం జిల్లాలో ఉండేది. జాబితాలో 'గంజాం' అని చూసినవాళ్ళు ఇవాళ ఒడిశా పోయి వెతుక్కుంటారు. దారి చెప్పే మనిషి ఒక్కడుంటే చాలు, వందేళ్ళ తోవ ఒక్క పూటలో దొరుకుతుంది. నేనొక కార్యాలయానికి వెళ్ళి ఈ జాబితాల నకళ్ళు తెప్పించి ఇక్కడ పెట్టమని అడిగాను. "ఇవెవులికి కావాలండీ? కూలోళ్ళ పేర్లు కదా" అన్నారు. ఆ మాట ఇంకా నా చెవిలోనే ఉంది.

కూలోళ్ళు కాబట్టే కదా నేను అడిగింది. వచ్చిన దొరలకి రాతకి లోటు లేదు. 1879లో బొబ్బిలిలో మిషను పెట్టిన చర్చిల్ దంపతులు కెనడాలోని నోవా స్కోషియా వాళ్ళు. ఆ పేరుకే కొత్త స్కాట్లండు అని అర్థం. మటిల్డా చర్చిల్ ఇక్కణ్ణుంచి రాసిన ఉత్తరాలు 1916లో పుస్తకంగా వచ్చాయి. 1905లో జూలియన్ జేమ్స్ కాటన్ అనే అధికారి మద్రాసు రాజధానిలోని దొరల సమాధుల మీది రాతల్ని పోగుచేసి అచ్చువేయించాడు. మంచి పని. ఆ రాళ్ళని కూడా పగలగొట్టకుండా చూసుకోవాలి, పరాయి తల్లుల బిడ్డలైనా ఎవరి బిడ్డలు వాళ్ళకి ముద్దే. కాకపోతే ఆ పుస్తకం అచ్చవుతున్న ఏళ్ళలోనే మద్రాసు నుంచి మనవాళ్ళు నేటాల్ ఓడలెక్కుతున్నారు. వాళ్ళ పేర్లు పోగుచెయ్యాలని ఎవరికీ తోచలేదు. పరాయి సర్కారుకి తోచలేదంటే సరే, మనకి తోచకపోవడం నేను ఓర్చుకోలేను.

జాబితాలు ఎక్కడికీ పోలేదు. నేటాల్‌వి దక్షిణాఫ్రికాలో, ఫిజీవి సువాలో ఉన్నాయి. మారిషస్‌వి మోకాలోని మహాత్మాగాంధీ సంస్థలో ఉన్నాయి, చాలామందికి ఫొటోలతో సహా. మద్రాసు సర్కారు కాగితాలు చెన్నై ఎగ్మూరులో ఉన్నాయి. బొబ్బిలి తాలూకా అని రాసున్న వరసల్ని ఏరి తెలుగులో దించడానికి చదువుకున్న పిల్లలు నలుగురుంటే చాలు. ఊరి పేర్లు దిద్దడానికి మాలాంటి ముసలాళ్ళం ఉన్నాం, అదీ మేమున్నన్నాళ్ళే.

ఆ పేర్లని రాతి మీద చెక్కించి కోట స్తంభానికి కనుచూపు మేరలో పెట్టమని ఊరి పెద్దలకి చేతులు జోడించి అడుగుతున్నాను. రంగం పోయినవాళ్ళకి అలాంటి జాబితా లేదు, కాబట్టి ఇంటింటికీ తిరిగి అడిగి రాసుకోవాలి. మా నాయనమ్మ అన్న పేరు నేనిస్తాను. ముందు మనిషి పేరు, తరవాత తండ్రి పేరు, ఊరు, వెళ్ళిన ఏడు. ఆడవాళ్ళకి పుట్టింటి పేరు. ఇంటిపేరు తెలియనిచోట చెక్కకుండా ఖాళీ వదలండి. ఏ డర్బన్ నుంచో మోకా నుంచో వాళ్ళ మనవలొచ్చి, మనతో కూర్చుని కనుక్కున్న రోజున అది కూడా చెక్కుదాం.