కెనడాలో మన పిల్లల బియ్యం డబ్బులు



ఈ మధ్య మన ప్రార్థన మనవుల్లో సగం వీసాల గురించే ఉంటున్నాయి. పాపకు కాలేజీ లెటరు రావాలి, బాబుకు లోను రావాలి, ఇంటర్వ్యూ బాగా జరగాలి. వీసా వచ్చాక కృతజ్ఞత కూడిక పెడతాం, వచ్చినవాళ్లందరికీ భోజనాలు పెడతాం, కారు కట్టించుకుని హైదరాబాదు ఎయిర్‌పోర్టు దాకా వెళ్లి సాగనంపి వస్తాం. ఆ తర్వాత ఆ బిడ్డ నెలకు ఎంతతో బ్రతుకుతున్నాడో మనలో ఎంతమందికి తెలుసు? మేము కొందరు తల్లిదండ్రులను అడిగి చూశాం. ఫీజు ఎంతో అందరూ చెప్పారు. అద్దె ఎంతో ఒకరిద్దరు చెప్పారు. బియ్యానికి, కూరగాయలకు ఎంతవుతుందో ఒక్కరికీ తెలియదు.

మన పిల్లలు ఎక్కువమంది కెనడాలో, ఒంటారియో రాష్ట్రంలో ఉన్నారు గనుక ఆ లెక్కే రాస్తున్నాం.

చదువుకోవడానికి వచ్చే ఒక మనిషి, ఫీజు కాక, ప్రయాణం ఖర్చు కాక, ఏడాది బ్రతకడానికి డబ్బు ఉందని ఆ ప్రభుత్వానికి చూపించాలి. ఏళ్ల తరబడి అది 10,000 డాలర్లే. 2024 జనవరి నుండి 20,635 చేశారు. 2025 సెప్టెంబరు నుండి 22,895. డాలరుకు 60 రూపాయలు వేసుకున్నా 13 లక్షల 70 వేలు దాటుతుంది. చాలామంది దీన్ని జీఐసీ పేరుతో అక్కడి బ్యాంకులో వేస్తారు. బిడ్డ దిగాక కొంత ముందుగా ఇచ్చి, మిగతాది నెలనెలా అతని ఖాతాలో వేస్తారు.

ప్రియులారా, ఈ డబ్బు ఫీజు కాదు, వీసా ఖర్చూ కాదు. ఆ బిడ్డ తలదాచుకోవడానికి, అన్నం తినడానికి పెట్టుకున్న డబ్బు. ఇది చెప్పాలనే ఈ వ్యాసం మొదలుపెట్టాం. ఎందుకంటే మన ఊళ్లలో కొన్ని కుటుంబాలు ఈ మొత్తాన్ని బయట వడ్డీకి తెస్తున్నాయి. వీసా రాగానే, "నెలనెలా వచ్చే జీఐసీ డబ్బు తిరిగి పంపించు నాన్నా, అప్పు తీర్చేద్దాం" అంటున్నాయి. నూటికి రెండు రూపాయల వడ్డీ అనుకోండి. ఆ మొత్తం మీద వడ్డీయే నెలకు 27,000 పైచిలుకు. అంటే దాదాపు 450 డాలర్లు. బ్రాంప్టన్‌లాంటి చోట బేస్‌మెంటులో ఒక గదిని ఇద్దరు పంచుకుంటే మనిషికి ఐదారు వందలు పడుతుందని పిల్లలు చెబుతున్నారు. ఇక్కడ వడ్డీ కడితే అక్కడ గది అద్దె పోయినట్టే. అసలు కూడా తిరిగి పంపితే ఇక తినేదేమిటి?

పని చేసుకుంటాడు కదా అంటారు. చేసుకుంటాడు, కానీ దానికీ హద్దు ఉంది. 2024 నవంబరు నుండి తరగతులు జరిగే రోజుల్లో కాలేజీ బయట వారానికి 24 గంటలే పని చేయాలి. ఒంటారియోలో 2025 అక్టోబరు నుండి కనీస వేతనం గంటకు 17 డాలర్ల 60 సెంట్లు. వారం నిండా పని దొరికితే 422 డాలర్లు, నాలుగు వారాలకు 1,690. అందులో పెన్షనుకని, ఉద్యోగ బీమాకని కోతలు పోతాయి. రూపాయల్లోకి మార్చి చూస్తే లక్ష కనబడుతుంది మనకు. ఆ లక్షతో అతడు సరుకులు కొనేది మన ఊరి కొట్లో కాదు, డాలర్లలో. పైగా దిగిన రోజే పని ఎవరూ ఇవ్వరు. రెజ్యూమెలు పట్టుకుని షాపు షాపుకూ తిరిగి, రెండు మూడు నెలల తర్వాత వారానికి పది గంటలు దొరికినవాళ్లు ఉన్నారు.

"పక్కింటి అబ్బాయి ఇంకా ఎక్కువ గంటలు చేస్తున్నాడంట" అనే మాట ఫోనులో అనకండి. ఆ మాటకే పిల్లలు లెక్కలో చూపని పనులకు వెళ్తున్నారు. చేతికి క్యాష్ ఇచ్చేవాళ్లు కనీస వేతనం ఇవ్వరు. జీతం ఎగ్గొట్టినా ఎవరికి చెప్పుకోవాలన్నా భయమే, ఎందుకంటే తన స్టడీ పర్మిటే ప్రమాదంలో పడుతుంది. 13 లక్షలు, రెండేళ్ల చదువు ఆ క్యాష్ కవరు మీద పందెం పెట్టినట్టు.

ఇక చిల్లర ఖర్చులు. షాపులో రాసి ఉన్న ధర ఒకటి, కౌంటరు దగ్గర కట్టేది ఒకటి. ఒంటారియోలో 13 శాతం హెచ్‌ఎస్‌టీ అక్కడ కలుస్తుంది. అయితే బియ్యం, పిండి, పాలు, కూరగాయలు, గుడ్లు వంటి వాటికి ఆ పన్ను లేదు. వండి వేడిగా అమ్మేదానికి ఉంది. వండుకోవడం వచ్చినవాడికి రెండు విధాలా మిగులు. అద్దె దగ్గర చాలా జాగ్రత్త కావాలి. మొదటి నెల, చివరి నెల అద్దె ముందుగా అడగడం అక్కడ మామూలే, చట్టం ఒప్పుకుంటుంది. అంతకుమించి, ఇల్లు పాడైతే పట్టుకోవడానికని డిపాజిట్ అడిగితే ఒంటారియోలో చట్టం ఒప్పుకోదు. ఇల్లు చూడకుండా ఫొటోలు చూసి ఇక్కడి నుండి డబ్బు పంపవద్దు. వైద్యానికి ఆ రాష్ట్రం ఇచ్చే ఉచిత బీమా విదేశీ విద్యార్థులకు ఉండదు, కాలేజీ ద్వారా బీమా ఉంటుంది, అందులో పళ్లకూ కళ్లకూ ఎంత వస్తుందో చూసుకోవాలి. పళ్లు ఇక్కడే చూపించుకుని, కళ్లద్దాలు రెండు జతలు చేయించుకుని వెళ్లడం మంచిది. ఇంకొకటి చాలామంది పట్టించుకోరు. ఆదాయం తక్కువైనా ఏప్రిల్ 30లోగా ట్యాక్స్ రిటర్ను వేయాలి. అర్హత ఉంటే జీతంలో కోసిన పన్ను కొంత తిరిగి వస్తుంది, తక్కువ ఆదాయం వారికి మూడు నెలలకోసారి ఇచ్చే సాయం కూడా వస్తుంది.

చలికోటు ఇక్కడ కొనకండి. మన చలికి కుట్టిన కోటు అక్కడి జనవరికి ఆగదు. వాడిన బట్టలు అమ్మే షాపుల్లో మంచివి చవకగా దొరుకుతాయి. వాడిన బట్ట వేసుకుంటే చిన్నతనమేమీ లేదు.

ఫుడ్ బ్యాంకుకు వెళ్లవచ్చా అని ఒక పాప అడిగింది. ఇల్లు జరగని పేదలకోసం పెట్టినది గదా, మేం తీసుకుంటే అక్కడివాళ్లు ఏమంటారో అని ఆమె బాధ. కొన్ని చోట్ల విదేశీ విద్యార్థులను వద్దంటున్నారు కూడా. మా అభిప్రాయం ఇది. పొలం అంచులు కోయకుండా పేదవారికీ పరదేశికీ విడిచిపెట్టమని లేవీయకాండము 19లో ఉంది. మోయాబునుండి వచ్చిన రూతు ఆ పరిగె ఏరుకునే అత్తను పోషించింది. నిజంగా ఆకలైతే వెళ్లాలి, తల దించుకోనవసరం లేదు. ఇంటికి పంపే డబ్బు మిగుల్చుకోవడానికి మాత్రం వెళ్లకూడదు. అది పరిగె కాదు, వేరొకరి పళ్లెం. అయితే ఆ పాపను అక్కడిదాకా నెట్టింది ఇంటినుండి వచ్చే ఫోనైతే, తప్పు ఆమెది కాదు.

లూకా 14లో గోపురం కట్టేవాడి ఉపమానం మనం శిష్యత్వం గురించి చెబుతాం. సరే, అది దాని అర్థమే. కానీ ఆ మాట వినేవాళ్లకు అర్థమైంది ముందు ఖర్చు లెక్క చూసుకోవడం అందరికీ తెలిసిన బుద్ధి గనుకే గదా. ఎకరం తాకట్టు పెట్టేముందు మనం కన్సల్టెన్సీ ఇచ్చిన కాగితం చూస్తున్నాం. అందులో ఫీజు ఉంటుంది, వాళ్ల చార్జీ ఉంటుంది, బియ్యం ఉండదు.

సంఘ పెద్దలకు కూడా ఒక మాట. కొంతమందికి నచ్చదని తెలుసు. పిల్ల విమానం ఎక్కిన నెలకే, "కెనడాలో ఉంది కదమ్మా, చర్చి స్లాబుకు ఏమైనా పంపుతుందేమో అడగండి" అంటున్నాం. చదువు ముగిసి, ఉద్యోగం వచ్చి, అప్పు ఒక దారికి వచ్చేదాకా ఆ పిల్లల నుండి కట్టడాలకు కానుక అడగవద్దని మా మనవి. తమంతట తాము పది డాలర్లు పంపితే సంతోషంగా తీసుకుందాం, పేరు మైకులో చదవకుండా. చదివితే పంపలేని పిల్లల తల్లులు ఆ వరసలోనే కూర్చుని ఉంటారు.

ఫోను చేసినప్పుడు "తిన్నావా" అంటే "తిన్నానమ్మా" అనే జవాబే వస్తుంది. "ఏం వండావు" అని అడగండి. మనకు రాత్రి ఏడైతే అక్కడ వేసవిలో ఉదయం తొమ్మిదిన్నర, చలికాలంలో ఎనిమిదిన్నర. వీడియోలో మంచి గోడే చూపిస్తారు, వంటగట్టు చూపించమనండి.

సెప్టెంబరు ఇన్‌టేక్‌కు వెళ్లే పిల్లలకు శనివారం సాయంత్రాలు యవ్వనస్థుల కూడిక తర్వాత పాస్టరమ్మగారు వంట నేర్పుతారు. మగపిల్లలు కూడా రావాలి, వాళ్లే ముఖ్యం. పప్పు, చారు, కోడిగుడ్డు కూర, కుక్కర్‌లో అన్నం. ఎవరి బియ్యం వాళ్లు గ్లాసు తెచ్చుకోండి, కూరగాయలు మా పెరట్లోవి ఉన్నాయి. తల్లిదండ్రులు కూడా వస్తే, పిల్లలు వండుతుండగా జీఐసీ కాగితాలు పక్కన కూర్చుని చూద్దాం.