ఫిట్‌నెస్ పరీక్ష బండికా, రైతుకా?

మిర్చి కోతలు మొదలయ్యాయంటే చర్ల, దుమ్ముగూడెం మండలాల్లో తెల్లవారకముందే ట్రాలీ ఆటోలు రోడ్డెక్కుతాయి. కూలీలను చేలకు చేర్చేవి అవే, కల్లాల నుంచి బస్తాలు మోసేవీ అవే. కొన్నింటిపై ఇంకా ఉమ్మడి ఖమ్మం జిల్లా ‘ఏపీ 20’ నంబరే ఉంది. అంటే తెలంగాణ రాకముందు కొన్న బండ్లు.

ఎనిమిదేళ్లు దాటిన రవాణా వాహనానికి ఏటా ఫిట్‌నెస్ చేయించాలన్నది కేంద్ర నిబంధన. గడువు దాటితే రోజుకు 50 రూపాయల అదనపు రుసుమును 2016 డిసెంబరులో తెచ్చారు. పంట అమ్మి డబ్బు చేతికొచ్చేదాకా మూడు నెలలు ఆగితే 4,500 రూపాయలు మీద పడతాయి. 15 ఏళ్లు దాటిన బండ్లకు 2022 ఏప్రిల్ 1 నుంచి అసలు రుసుమే పెంచారు: మూడు చక్రాల బండికి 3,500, తేలికపాటి వాహనానికి 7,500. ఆ ఏడాది మే 19న రాష్ట్రంలో ఆటో, క్యాబ్, లారీ కార్మికులు బంద్‌కు దిగింది ఈ భారం మోయలేకే.

టైర్లు, బ్రేకులు, ఇన్సూరెన్స్ ఖర్చులు వేరే. చర్ల నుంచి భద్రాచలం రావడమే దాదాపు 60 కిలోమీటర్లు. బండి ఫెయిలైతే మళ్లీ తిరగాలి. తిరిగిన రోజుల కిరాయి పోయినట్టే.

పరీక్షే వద్దని మేము అనడం లేదు. సరుకు బండిలో మనుషులను ఎక్కించకూడదని తెలిసీ, బస్సు రాని ఊళ్లలో మన ఆడవాళ్లు అందులోనే కూర్చుంటున్నారు. బ్రేకు పడని బండికి బ్రోకరు తెచ్చిచ్చిన కాగితం వాళ్లను కాపాడదు. మరమ్మతుకు పెట్టాల్సిన డబ్బును జరిమానాగా లాక్కుంటే బండి బాగుపడేదెలా?

సభ్యులు రెండు సంగతులు గుర్తుంచుకోవాలి. వ్యవసాయ ట్రాక్టర్ రవాణా వాహనం కాదు. దాని రిజిస్ట్రేషన్ 15 ఏళ్లు చెల్లుతుంది, ఆ తర్వాత ఐదేళ్లకోసారి తనిఖీ చేయించి పొడిగించుకోవాలి. ఇక రవాణా వాహనానికి ఫిట్‌నెస్ నిరాకరిస్తే, మోటారు వాహనాల చట్టం 56వ సెక్షన్ ప్రకారం కారణాలు రాతపూర్వకంగా ఇవ్వాలి. నోటిమాటతో వెనక్కి రావద్దు, కాగితం అడగండి.

మండల కేంద్రాల్లోనే ఫిట్‌నెస్ శిబిరాలు పెట్టాలి. రోజువారీ అదనపు రుసుము ఎత్తేయాలి. బస్సు లేని ఊళ్లకు బస్సు వేయాలి. ఇవి మన డిమాండ్లు. గ్రామ కమిటీలు తమ ఊళ్లోని బండ్ల గడువు తేదీలు, అయిన ఖర్చులు రాసి మండల కమిటీకి అందజేయాలి. ఆ లెక్కలతోనే అధికారులను నిలదీద్దాం.