ఆరు తీగెల గడప

గొళ్లెం లేని తలుపూ, కడచీల లేని బండీ ఎంత ఖరీదైనవయినా ఒకటే. చిన్న వస్తువు చేసే పనిని అది చెడిన రోజున గాని మనం గుర్తించము. ఈ వారం అటువంటి చిన్న వస్తువునొకదాన్ని గురించి ముచ్చటిస్తాను. పొడవు అగ్గిపుల్లంత, మందం దానికంటె మరికాస్త. గిటారు మెడకూ తలకూ మధ్య అడ్డంగా కూర్చుని, ఆరు గాడులలో ఆరు తీగెలను మోస్తుంది. వాయించేవాళ్లు దాన్ని ‘నట్’ అంటారు. నేను గడప అంటాను. తీగె ఇంట్లోకి అడుగు పెట్టేది దాని మీదుగానే గదా!

మా చెల్లెలి కొడుకు ఆదిలాబాదులో చదువుకుంటూ, సెలవు రోజుల్లో పెళ్లిళ్ల ఆర్కెస్ట్రాలో ఎలక్ట్రిక్ గిటారు వాయిస్తాడు. వాద్యం వాడి సొంత సంపాదనతో కొన్నది. ఒకనాడు ఆర్కెస్ట్రా పెద్దమనిషి నలుగురి ముందరా, “నీకు శ్రుతిజ్ఞానం లేదోయ్! ఆరు నెలలు సాధకం చేసి రా” అని పంపించివేశాడట. మా బావగారికి కావలసిందీ అదే. “అది అమ్మి పుస్తకాలు కొనుక్కో” అన్నారు. పిల్లవాడు గిటారు భుజాన వేసుకుని తిన్నగా కరీంనగరంలో మా ఇంటికి వచ్చి పడ్డాడు.

“మామా, నువ్వు చిన్నప్పుడు వీణ నేర్చినవు గద! నాకు నిజంగనే శ్రుతి తెల్వదా? జర విని చెప్పు. నువ్వు తెల్వదంటే అమ్మేస్త” అన్నాడు.

మాట సాధారణంగానే అన్నాడు గాని, వాడి కళ్లు అలా లేవు. శ్రుతిజ్ఞానం లేదన్న మాట వాయించేవాడికి శాపం వంటిది. ఒకసారి నమ్మాడంటే మళ్లీ వాద్యం ముట్టడు.

“మాటలెందుకురా అల్లుడూ, శ్రుతి చెయ్యి” అన్నాను. ఏ యంత్రమూ చూడకుండా, చెవితోనే ఆరు తీగెలూ కలిపాడు. నా చెవికి వంక కనబడలేదు. తర్వాత వాయించమన్నాను. ఎలక్ట్రిక్ గిటారులో తీగెను వేలితో పక్కకు లాగి గమకం వంటిది పలికిస్తారు. వాడు లాగినప్పుడల్లా మెడపైన ‘టిక్’మని చిన్న చప్పుడు, ఆ వెంటనే తీగె శ్రుతి తప్పేది. చప్పుడు వచ్చేది గడప దగ్గరినుంచి! భూతద్దం పెట్టి చూస్తే, ప్లాస్టిక్ గడప పగిలి ఉన్నది. గాడులు ఇరుకై తీగెను పట్టుకుంటున్నవి. లాగిన తీగె గాడిలో చిక్కుకుని, వెనుకటి చోటికి చేరడంలేదు. మామూలు తీగెలు ఆరింటి లాగుడూ కలిపితే 40 కిలోల పైమాటే. ఆ బరువులో వెంట్రుకవాసి చిక్కు చాలు, పాట చెడడానికి. తప్పు గడపది, పేరు పిల్లవాడిది!

సరే, కొత్త గడప వెయ్యాలి. దేనితో? ఇక్కడ మొదలయింది మా ఇంట్లో మహాసభ.

పొరుగింటి పెద్దాయన, “దంతముతో చేయించండి, నాదం బంగారంలా ఉంటుంది” అన్నారు. పూర్వం వీణలకు దంతపు నగిషీలు ఉన్నమాట నిజమే. కాని దంతం ఏనుగు ఇచ్చిన కానుక కాదు గదా! 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టానికి 1986లోనూ, 1991లోనూ చేసిన సవరణలతో దంతం వ్యాపారమే నిషిద్ధమయింది. కాబట్టి ఆ మాట అక్కడితో ఆపాము.

నాదం సంగతి కూడా ఒక మాట మనవి చేస్తాను. వేలు మెట్టుమీద నొక్కగానే తీగె ఆ మెట్టునుంచే మోగుతుంది; గడపకు అప్పుడు పలుకులో పాలు లేదు. ఖాళీ తీగె మీటినప్పుడే దాని పదార్థం కొద్దిగా వినబడుతుంది. 1954లో వచ్చిన ఫెండర్ కంపెనీ ‘స్ట్రాటోకాస్టర్’ గిటారుకు ఎముక గడప పెట్టారు. అదే కాలంలో గిబ్సన్ వారు ‘లెస్ పాల్’ గిటార్లకు నైలాన్ వాడారు. రెండూ లోకప్రసిద్ధమయినవే. ఇంతకూ గడపకు కావలసిన గుణాలు మూడు: తీగె కోతకు ఆగే గట్టితనం, తీగె జారే నున్నదనం, కొలతకు తగ్గట్టు అరగదీయగల వీలు.

మన జిల్లాల సరుకులనే వరసగా తూచి చూశాము. నిర్మల్ బొమ్మలు చేసే పొనికి కర్ర గోటితో నొక్కితేనే లొట్టపడుతుంది, పనికిరాదు. ఆదిలాబాదు టేకు మంచాలకూ తలుపులకూ మేలు గాని, సన్నని స్టీలు తీగె దాన్ని కోసేస్తుంది. తునికి చెట్టును మనం బీడీ ఆకు కోసమే ఎరుగుదుము. దాని నల్లని చేవ సామాన్యమైనది కాదు. వయొలిన్ గడపకు ఈ జాతి నల్ల చేవే వాడతారు. కాని వయొలిన్ తీగెను ఇలా పక్కకు గుంజరు. గిటారులో అన్నిటికంటె సన్న తీగె అంగుళంలో వెయ్యోవంతులు తొమ్మిదో పదో. కొన్నాళ్లకు చేవలోకి దిగిపోతుంది.

కరీంనగరం వెండితీగె పని లోకోత్తరమే, కాని వెండి మెత్తన. ఇత్తడి మాటేమిటి? జైనూరు వైపు ఉషేగాం ఓజాలు మైనపు తీగెలు చుట్టి, మట్టి పూసి, కాల్చి, మైనం కరిగిన చోట ఇత్తడి పోసి బొమ్మలు చేస్తారు. 2018లో ఆదిలాబాదు డోక్రాకు భౌగోళిక గుర్తింపు కూడా వచ్చింది. గిటారుకు ఇత్తడి గడప 1970లలో అమెరికాలో ఫాషను. గట్టిది, చిరకాలం మన్నుతుంది. కాని అరగదీయడం కష్టం. ఖాళీ తీగె మరీ ఖణేల్‌మంటుంది.

మిగిలినవి రెండు: గ్రాఫైటు కలిపిన కృత్రిమ పదార్థం, గేదె ఎముక. మొదటిది మిక్కిలి నున్నన. ఎముక గిట్టనివారికి అదే ఉత్తమం. కాని గాడులు ముందే కోసి వచ్చే ఆ ముక్క కొలత మావాడి గిటారుకు సరిపడలేదు. ఎముక పలక అయితే మనకు కావలసినట్టు అరగదీసుకోవచ్చును.

మా ఇంటావిడ తలుపు దగ్గర నిలబడి, “దేవుని అర్ర పక్కన ఎముకనా!” అన్నది. చివరకు ఒక షరతు మీద ఒప్పుకున్నది: అరగదీత అంతా పెరట్లో వేపచెట్టు కింద జరగాలి. ఆ షరతు మంచిదే. ఎముక ధూళి ఊపిరితిత్తులకు మంచిది కాదు. ముక్కుకు గుడ్డ కట్టుకునే పని చేశాము.

సన్నని గాడులకు సన్నని ఆకురాయి కావాలి. అది దొరికింది వెండితీగె పని చేసే ఒక పెద్దమనిషి దగ్గర! వెండి మాకు పనికిరాకపోయినా, వెండిపనివాడి చెయ్యి పనికివచ్చింది. గాడి తల వైపుకు కొంచెం వాలి ఉండాలి. తీగె సగం లోపల, సగం బయట ఉండాలి. ఎత్తుకు ఒక పరీక్ష: రెండో మెట్టుకూ మూడో మెట్టుకూ మధ్య తీగెను నొక్కితే, మొదటి మెట్టు మీద కాగితమంత సందు కనబడాలి. సందు ఎక్కువైతే వేళ్లు నొచ్చి, స్వరం పైకి పోతుంది. బొత్తిగా లేకపోతే తీగె జరజరలాడుతుంది. రెండు చుక్కల జిగురుతో అంటించి, గాడుల్లో పెన్సిలు ములికి రుద్దాము. పెన్సిలు గ్రాఫైటే గదా, తీగె జారుతుంది.

ఆ సాయంత్రం వాడు గంటసేపు తీగెలు గుంజి వాయించాడు. శ్రుతి కదలలేదు. “మామా, తప్పు నాది కాదు” అన్నాడు. వెంటనే అవతలికి తిరిగి కళ్లు తుడుచుకున్నాడు. తర్వాతి నెలలో మంచిర్యాలలో ఒక పెళ్లికి ఆర్కెస్ట్రావారే కబురు పెట్టారు. మా బావగారు ఆ పాట విని ఏమీ అనలేదు గాని, మరునాడు ఒక జత కొత్త తీగెలు కొనిపెట్టారట!

మీ ఇంట్లోనూ పిల్లలు ఏదో ఒక వాద్యం పట్టుకుని ఉంటారు. అపశ్రుతి వినబడితే ఒక పని చేయండి: ముందు పిల్లవాణ్ణి ఖాళీ తీగెలు శ్రుతి చేయమనండి. చేయగలిగాడా, చెవి బాగున్నట్టే. అప్పుడు తీగె ఎక్కడ చిక్కుకుంటున్నదో మెడ మొదలునుంచి వెతకండి. శ్రుతిజ్ఞానం లేదన్న మాటకు అప్పుడు కూడా తొందరపడవద్దు.