సావధానం: ఎవరిది, ఎప్పుడు?

చట్టసభల సమావేశాలు మొదలైతే మన పత్రికల్లో 'సావధాన తీర్మానం' అన్న మాట తప్పక కనిపిస్తుంది. అత్యవసర ప్రజా ప్రాధాన్యం గల అంశం వైపు మంత్రి దృష్టిని మళ్లించేందుకు సభ్యుడు ఇచ్చే నోటీసుకు తెలుగులో స్థిరపడిన పేరది. లోక్‌సభలో 1954 నుంచి అమల్లో ఉన్న ఈ పద్ధతి బ్రిటిష్ పార్లమెంటు నుంచి తెచ్చుకున్నది కాదు, మనం రూపొందించుకున్నదే. పేరులో తీర్మానం ఉన్నా ఓటింగు ఉండదు. మంత్రి ప్రకటన చేస్తారు, నోటీసు ఇచ్చినవారు వివరణ కోరుతారు. అంతటితో సరి.

సంస్కృతంలో 'ధా' ధాతువుకు ఉంచడం అని అర్థం. 'అవ' ముందు చేరితే మనసును ఒకచోట కుదురుగా నిలపడం, అంటే అవధానం. అష్టావధానం, శతావధానం అక్కడి నుంచి వచ్చినవే. అవధానంతో కూడినది సావధానం. ముహూర్త వేళ పురోహితుడు 'సావధాన' అంటూ పలుమార్లు హెచ్చరించేది ఏమరుపాటు కూడదనే. అయితే వాడుకలో ఈ మాట మరో దారి పట్టింది. 'సావధానంగా మాట్లాడుకుందాం' అంటే ఇప్పుడు తొందరేమీ లేదని అర్థం. అప్రమత్తతను కోరిన మాటే నిదానానికి మారుపేరైంది.

ఈ రెండర్థాల మధ్య దూరమెంతో తెలియాలంటే అండమాన్ నికోబార్ వైపు చూడాలి. 2011 లెక్కల ప్రకారం అక్కడి జనాభా సుమారు 3.8 లక్షలు, వారిలో దాదాపు 13 శాతం తెలుగు మాట్లాడేవారు. ఆ దీవులకు శాసనసభ లేదు, రాజ్యసభలో స్థానం లేదు. ఉన్నది ఒక్క లోక్‌సభ సీటు. దానికి కూడా 1967 వరకు ఎన్నిక లేదు, రాష్ట్రపతి నామినేట్ చేసేవారు. ఆ ఒక్కరూ అధికార పక్షమైతే సొంత ప్రభుత్వాన్నే నిలదీయాలి. ప్రతిపక్షమైతే 543 మందిలో తన వంతు కోసం ఎదురుచూడాలి.

గ్రేట్ నికోబార్ సంగతే తీసుకోండి. ఓడరేవు, విమానాశ్రయం, పట్టణం, విద్యుత్ కేంద్రం కోసం సుమారు 130 చదరపు కిలోమీటర్ల అడవిని మళ్లించేందుకు కేంద్రం సిద్ధపడింది. 2022 నవంబరులో పర్యావరణ అనుమతి లభించింది. అదే నెలలో అక్కడి గిరిజన మండలి, అంతకుముందు తానిచ్చిన సమ్మతిని వెనక్కి తీసుకుంది. ఒక సమాజం ప్రభుత్వాన్ని 'సావధాన' అని హెచ్చరించడం ఇంతకంటే స్పష్టంగా ఎలా ఉంటుంది? అయినా ఆ ప్రాజెక్టు ఆగలేదు.

దేశ భద్రత దృష్ట్యా ఆ ద్వీపం కీలకమన్న వాదనను తోసిపుచ్చలేం. కానీ అంత కీలకమైన చోట నివసించేవారి మాట వినడానికి ఒక చట్టసభ లేకపోవడాన్ని ఏ భద్రతా సమర్థించదు. పూర్తి స్థాయి శాసనసభ ఇవ్వడం ఇప్పటికిప్పుడు కుదరదనుకుంటే, ఆ దీవుల భూమిని, అడవిని మార్చే ప్రతి నిర్ణయాన్నీ ముందుగా పార్లమెంటులో చర్చకు పెట్టాలి. లేకపోతే అక్కడివారికి మిగిలేది ఆ మాటకున్న రెండో అర్థమే.