పన్నెండు పనుల అన్నం

“మా తర్వాత వీడికెవరు?” ఆటిజం ఉన్న పిల్లల తల్లిదండ్రులకు ఈ ప్రశ్న గొంతు దాటి రాదు. 1999 నాటి నేషనల్ ట్రస్ట్ చట్టం పద్దెనిమిదేళ్లు నిండినవారికి చట్టబద్ధ సంరక్షకుణ్ని నియమించే దారి చూపింది. 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టం ఆటిజాన్ని వైకల్యాల జాబితాలో చేర్చింది. మంచిదే. కుక్కర్ ఎన్ని విజిల్స్‌కి ఆపాలో, ఎక్కాల్సిన బస్సు రాకపోతే ఏం చేయాలో మాత్రం ఇంట్లోనే నేర్పాలి.

అన్నం వండటం మనకు ఒక్క పని. నేర్పడానికి కూర్చుంటే పన్నెండు పనులు: బియ్యం కొలవడం ఒకటి, కడగడం ఒకటి, నీళ్లు పోయడం మరొకటి... ఒక్కో మెట్టుకీ ఒక్కో బొమ్మ గీసి పొయ్యి పక్కన గోడకు అంటించాలి. నెలలు పట్టొచ్చు. ఈలోగా “నువ్వుండు నాన్నా, నేను చేస్తాలే” అంటూ గరిటె లాక్కుంటాం. ప్రేమకొద్దీనే, కానీ తప్పే.

ఈ సంచిక ఆ గరిటె తిరిగి ఇవ్వడం గురించి. మీ ఇంట్లో ఏది కుదిరిందో, ఏది బెడిసికొట్టిందో మాకు రాయండి.