కారు వచ్చినది, కరెంటు ఏది?

సామాన్య గృహస్థు కొనగల విద్యుత్తు కారు మన దేశమున దొరకునా యను ప్రశ్న నేటిది కాదు. 2001 లో బెంగుళూరునుండి రేవా అను చిన్నకారు వెలువడినపుడు దానిని వింతగా చూచినవారే గాని కొన్నవారు కొలదిమంది. 2022 లో టాటావారి టియాగో, 2023 లో ఎం.జి. వారి కామెట్ ఎనిమిది లక్షల రూపాయల ప్రాంతమున మొదలగు వెలలతో వచ్చిన పిమ్మట ఆ ప్రశ్న తీరినది. ఇపుడు మిగిలినది వేరొక ప్రశ్న. కొన్నవాడు ఆ కారునకు కరెంటు ఎక్కడ పెట్టుకొనవలెను?

నగర సంచారమునకు ఈ కార్లు చాలునా యని సందేహించువారు లెక్క చూచుకొనవచ్చును. టియాగో చిన్న బ్యాటరీ 19.2 యూనిట్లది. ఒకమారు నింపిన 250 కిలోమీటర్లు పోవునని తొలుత చెప్పిన మాటను పూర్తిగా నమ్మ బనిలేదు. వేసవిలో ఏసీ వేసికొని రద్దీలో నడుపగా నూటయేబదికి అటునిటుగా వచ్చినను చాలును. కూకట్‌పల్లినుండి సికింద్రాబాదునకు ఉద్యోగమునకై పోయివచ్చువాడు దినమునకు ముప్పది నలువది కిలోమీటర్లు తిరుగును. వారమునకు రెండు మూడు రాత్రులు ఛార్జింగు పెట్టిన సరిపోవును. యూనిట్టు పదిరూపాయలని లెక్కించినను కిలోమీటరునకు రూపాయిన్నర మించదు. లీటరు నూరురూపాయలు దాటిన పెట్రోలుతో, లీటరునకు పదునైదు కిలోమీటర్లు నడచు కారునకు అదే ఖర్చు ఏడు రూపాయలగును. దూరప్రయాణములకు ఈ చిన్నకార్లు అంతగా తగవు, అది ఒప్పుకొనవలసినదే.

కాని ఈ లాభమంతయు సొంత గోడకు సొంత ప్లగ్గు గలవానిదే. మన నగరములలో మధ్యతరగతివారు అనేకులు అపార్టుమెంటులలో నున్నారు. కారు సెల్లారులో నుండును. మీటరు వేరొక మూలనుండును. నడుమ తీగ లాగుటకు సంఘమువారి అనుమతి కావలెను. అద్దెకున్నవానికి యజమాని దయయు కావలెను. అనుమతి లేనివాడు వీథిలోని ఛార్జింగు కేంద్రమునకు పోయి, ఇంచుమించు రెండింతల ధరయు, దానిపై నూటికి 18 వంతున జి.ఎస్.టి. యు చెల్లించి, గంటసేపు కాచుకొనవలెను. బంగళా గలవానికి కరెంటు చవుక, ఫ్లాటులోనివానికి ప్రియము! చవుక కారు ఎవరికొరకు పుట్టినదో వారికే అది దక్కకుండుట న్యాయమా?

శాసనకర్తలు ఈ విషయమును ఎరుగనివారు కారు. గృహస్థు తనకున్న కనెక్షనుతోనే ఇంట ఛార్జింగు చేసికొనవచ్చునని కేంద్ర విద్యుచ్ఛాఖవారు 2022 లో స్పష్టపరచిరి. కొత్త కట్టడముల పార్కింగులో నూటికి 20 వంతు ఛార్జింగునకు అనువుగా నుండవలెనని 2019 లో నమూనా నిబంధనలను సవరించిరి. తెలంగాణ ప్రభుత్వము 2024 నవంబరులో రోడ్డుపన్నును, రిజిస్ట్రేషను రుసుమును 2026 డిసెంబరు చివరి వరకు మినహాయించినది. ఇవన్నియు ప్రశంసనీయములే. కాని పన్ను మాఫీ కారును గుమ్మమువరకే తెచ్చును, ప్లగ్గు చూపదు.

సంఘములవారి భయములు నిరాధారములని మేమనము. అగ్నిప్రమాదము చిన్నమాట కాదు. ట్రాన్సుఫార్మరుపై భారమును నిజమే. అందులకు విరుగుడు నిషేధము కాదు, నియమము. పదునైదు ఆంపియర్ల ప్లగ్గు పీల్చు కరెంటు స్నానపుగదిలోని గీజరుకంటె మిక్కిలి యెక్కువ కాదు. కాకపోతే ఏడెనిమిది గంటలు పీల్చును. కనుక తగిన లావు తీగ, మంచి ఎర్తింగు, ప్రత్యేకమైన మీటరు, అర్ధరాత్రి వేళ ఛార్జింగు — ఈ నాలుగును విధించి అనుమతించిన భయమునకు తావుండదు. దొంగచాటుగా కిటికీనుండి వ్రేలాడదీసిన ఎక్స్‌టెన్షను తీగయే అసలు ప్రమాదము. నిషేధించినచో పుట్టునది అదియే.

కావున ప్రభుత్వములు పాత భవనములలో సైతము ఛార్జింగును గృహస్థుని హక్కుగా శాసింపవలెను. విద్యుత్తు పంపిణీ సంస్థలు అడిగినవానికి పార్కింగు స్థలముననే మీటరు నీయవలెను. సంఘములవారు వచ్చు సర్వసభ్య సమావేశమున ఒక్క తీర్మానము చేసిన చాలును. నేడు కాదన్నవారే రేపు ఆ కారు కొనబోవువారని మరువకుందురు గాక!