మాటకు మాట చాలునా?

ఇంగ్లీషు నేర్చుకొను విద్యార్థులు నోటుపుస్తకమున నిలువుగా ఒక గీత గీసి, ఎడమవైపున ఇంగ్లీషు మాటను, కుడివైపున దాని తెలుగు అర్థమును వ్రాసికొని వల్లించుట పాఠశాలలలో వాడుక. అందు ‘రన్’ అను క్రియకు ఎదురుగా ‘పరుగెత్తు’ అని యుండును. ఆ ఒక్క అర్థమునే నమ్ముకొన్న బాలుడు, జలుబు చేసినవాని ముక్కు ‘రన్’ చేయుచున్నదని చదివినప్పుడు, ముక్కునకు కాళ్లెప్పుడు వచ్చెనా యని తెల్లబోవును. కొందరు ఇంగ్లీషు తీరుతెన్నులు లేని భాషయని అప్పుడే నిశ్చయించుకొని పుస్తకమును మూయుదురు. అట్లు మూసిన పుస్తకమును మరల తెరువనివారును కలరు. దోషము భాషది కాదు. ఆ నిలువు గీతది.

1989లో వెలువడిన ఆక్స్‌ఫర్డ్ ఇంగ్లీషు నిఘంటువు రెండవ ముద్రణమున అన్ని క్రియలకంటె పెద్దది ‘సెట్’. దానికి 430 అర్థములు. పిమ్మట ఆ నిఘంటువును సంస్కరించుచు ‘రన్’ క్రియను తిరిగి పరిశీలింపగా, 2011 నాటికి దాని అర్థములు 645 అని తేలినది. వీనిని పట్టికగా వ్రాసి వల్లించుట ఎవరి తరము?

ఇన్ని అర్థము లెక్కడివి? ప్రాచీనమైన ఇంగ్లీషులో ‘రిన్నన్’ అను క్రియ యుండెను. దానికి తోబుట్టువైన జర్మను మాట ‘రిన్నెన్’కు నేటికిని నీరు పారుట యనియే అర్థము. కావున నది ‘రన్’ చేయుననుట కవుల చమత్కారము కాదు. ఈ ‘రిన్నన్’లోని రేఫమును, దాని ప్రక్క అచ్చును తావులు మార్చుకొనగా ‘ఇర్నన్’ అను రూపమును ఏర్పడినది. వారణాసి బనారసు అయినప్పుడు అక్షరములు తారుమారైన తీరే ఇది. వీనికి తోడు ‘పరుగెత్తించు’ అను అర్థము గల ప్రేరణక్రియ వేరొకటి యుండెను. స్కాండినేవియానుండి వచ్చి ఇంగ్లండున స్థిరపడినవారి నార్సు భాషలోని మాటయు వచ్చి చేరినది. కాలక్రమమున ఇవన్నియు ఒక్క రూపమున కలిసిపోయినవి. అందువలననే గుర్రము తాను ‘రన్’ చేయును. యజమాని కార్ఖానాను ‘రన్’ చేయును. తెలుగున నడచు, నడుపు అని రెండును విడివిడిగా నిలిచియున్నవి. తరువాత ఆవిరియంత్రములు, రైళ్లు వచ్చి ఆ పదమునకు మరికొంత పని కల్పించినవి.

దీనిని వింతగా చూచువారు తమ యింటి మాటయైన ‘పారు’ను చూడవలెను. కాలువ పారును, దొంగ పారిపోవును, పన్నిన పాచిక పారును. ప్రవాహము, పరుగు అను ఆ జంటయర్థమే ఇంగ్లీషుతో ఏ చుట్టరికమును లేని తెలుగులోను ఉన్నది! ఇక ‘ఆడు’ మాట చెప్పనక్కరలేదు. పిల్లలు ఆడుదురు, ఊపిరి ఆడును, గానుగ ఆడును. సంతలో బేరమాడుదురు, అవసరము పడిన అబద్ధమును ఆడుదురు. సినిమా నూరు దినములు ఆడును. అచ్చట ఇంగ్లీషువాడు ‘రన్’ అనును. తెలుగు నేర్వ వచ్చిన పరదేశి ‘ఆడు’ కెదుట ‘ప్లే’ అని మాత్రమే వ్రాసికొన్నచో, ఊపిరి ఏ ఆట ఆడుచున్నదో వెదకవలసివచ్చును.

పరీక్షలో అర్థము లడుగుదురు గనుక పట్టిక తప్పదని కొందరు ఉపాధ్యాయు లందురు. అందు కొంత నిజము లేకపోలేదు. కాని మాటకు మారుగా చిన్న వాక్యమును వ్రాసికొన్నచో అదనముగా పట్టునది ఒక్క పంక్తియే. అప్పుడు ముక్కు కారును, బట్ట రంగు వదలును, బడిని నడుపుదురు. బ్రిటనులో అభ్యర్థి ఎన్నికలకు ‘నిలుచు’ననియు, అమెరికాలో ‘రన్’ చేయుననియు తెలియును. తెలుగువాడు ఈ విషయమున బ్రిటనువానితోపాటు నిలబడినాడు.

నోటుపుస్తకపు అర్థము చక్కగా అతికినది క్రికెట్టు నందే. బ్యాటు పట్టినవాడు నిజముగనే పరుగెత్తును గనుక ‘పరుగులు’ అనుట కుదిరినది. బంతి హద్దు దాటినప్పుడు మాత్రము, అడుగు కదపకున్నను అతనికి నాలుగు పరుగులు లభించును.